డీజిల్ అనేది ఒక మనిషి పేరు



పిల్లల్ని దించడానికి వచ్చినప్పుడు సైన్స్ ల్యాబ్ పక్కనున్న బోర్డు మీలో కొందరైనా చూసే ఉంటారు. ఆగస్టు 10న ప్రపంచ జీవ ఇంధన దినోత్సవం. మన పెట్రోలియం శాఖ 2015 నుంచి దాన్ని జరుపుతోంది. రెండేళ్ల కిందట, నేను ఈ స్కూల్లో కొత్తగా చేరినప్పుడు, ఆ రోజు కోసం ఒక చార్ట్ రాసి ఆ బోర్డుకు అంటించాను. 1893 ఆగస్టు 10న రుడాల్ఫ్ డీజిల్ అనే జర్మన్ ఇంజనీర్ తన ఇంజన్‌ను వేరుశనగ నూనెతో నడిపాడని పెద్ద అక్షరాలతో రాశాను. కింద ఒక వేరుశనగ కాయ బొమ్మ కూడా వేశాను. బొమ్మ బాగానే వచ్చింది.

మీలోనే ఒకాయన, ఆళ్లగడ్డ వైపు ట్రాక్టర్లూ ఆయిల్ ఇంజన్లూ బాగుచేసే మెకానిక్, పేరెంట్స్ మీటింగ్ కోసం వచ్చి ఆ చార్ట్ ముందు చాలాసేపు నిలబడ్డారు. తర్వాత నా దగ్గరికొచ్చి, ఏం మేడమ్, బుడ్డల నూనె అంత చిక్కగా ఉంటుంది కదా, మొట్టమొదటి ఇంజన్‌లో దాన్నెట్లా పోసినారు, నాజిల్ పట్టేయదా అని అడిగారు. నాకు జవాబు తెలియలేదు. చూసి చెప్తానన్నాను. ఆ రాత్రే కూర్చుని చదవడం మొదలుపెట్టాను. చదివేకొద్దీ నా చార్ట్‌లో ఒక్క మనిషి పేరు తప్ప మిగతాదంతా తప్పని తేలింది.

మరుసటి రోజే చార్ట్ తీసేశాను. కానీ దాన్ని అప్పటికే రెండు సెక్షన్ల పిల్లలు నోట్‌బుక్‌లో ఎక్కించుకున్నారు. ఆ బాకీ తీర్చడానికే ఈ నెల ఈ పేజీ అడిగి తీసుకున్నాను. మీ ఇంట్లో ఆ నోట్‌బుక్ ఇంకా ఉంటే, ఇది చదివాక పిల్లల చేతే ఆ లైను కొట్టించండి.

ముందుగా ఒక సంగతి. డీజిల్ అంటే నూనె పేరని మా తరగతిలో సగం మంది అనుకుంటున్నారు. పెట్రోల్, కిరోసిన్ లాగా. కాదు, అది ఇంటిపేరు. మన దగ్గర ఇంటిపేరుతో పిలిచినట్టే ఆ ఇంజన్‌ను ఆయన ఇంటిపేరుతో పిలిచారు, తర్వాత అందులో పోసే నూనెకు కూడా అదే పేరు పడిపోయింది.

రుడాల్ఫ్ డీజిల్ 1858 మార్చి 18న పారిస్‌లో పుట్టాడు. పుట్టింది ఫ్రాన్స్‌లో, తల్లిదండ్రులు జర్మన్లు. తండ్రి థియోడర్ ఆగ్స్‌బర్గ్ ఊరివాడు. పుస్తకాలకు బైండింగ్ చేయడం ఆయన పని, తర్వాత తోలు సామాన్లు చేసేవాడు. మరీ కలిగిన ఇల్లు కాదు. తయారైన తోలు సామాన్లను కుర్రవాడు తోపుడు బండిలో పెట్టుకుని పారిస్ వీధుల్లో ఇచ్చి వచ్చేవాడు. ఖాళీ దొరికితే అక్కడి సాంకేతిక మ్యూజియంకి వెళ్లి పాత ఆవిరి యంత్రాల ముందు నిలబడేవాడు. చదువులో చురుకు. 12 ఏళ్లకే అక్కడి ఒక విద్యా సంఘం నుంచి కాంస్య పతకం తెచ్చుకున్నాడు.

సరిగ్గా అదే ఏడాది, 1870లో, ఫ్రాన్స్‌కీ జర్మన్లకీ యుద్ధం వచ్చింది. పారిస్‌లోని జర్మన్లంతా వెళ్లిపోవాల్సి వచ్చింది. నిన్నటిదాకా పతకం తెచ్చుకున్న పిల్లవాడు ఇవాళ పరాయివాడు. కుటుంబం లండన్‌కు చేరింది. అక్కడ ఇల్లు గడవక, అబ్బాయిని ఒంటరిగా ఆగ్స్‌బర్గ్‌లోని బంధువుల ఇంటికి పంపేశారు. ఆ ఇంటాయన క్రిస్టోఫ్ బార్నికెల్ లెక్కల మాస్టారు. పిల్లవాడు ఆయన పనిచేసే వృత్తి విద్యా పాఠశాలలోనే చేరాడు. 14 ఏళ్లకే ఇంజనీర్ అవుతానని తల్లిదండ్రులకు ఉత్తరం రాశాడు.

ఇక్కడ మనకు బాగా తెలిసిన ఘట్టం ఒకటి వస్తుంది. క్లాసులో మొదటివాడిగా పాసయ్యాడు. 1875లో మ్యూనిక్ పాలిటెక్నిక్ స్కాలర్‌షిప్ ఇస్తానంది. ఇంట్లోవాళ్లు వద్దన్నారు. చదివింది చాలు, పనిలో చేరి నాలుగు డబ్బులు పంపమన్నారు. వాళ్లను తప్పు పట్టలేను. మన ఊళ్లలో ఇంటర్ అయిన పిల్లవాడి విషయంలో ఇదే వాదన ఎన్ని ఇళ్లలో జరుగుతుందో మీకు తెలుసు. డీజిల్ స్కాలర్‌షిప్ తీసుకుని వెళ్లిపోయాడు.

మ్యూనిక్‌లో ఆయన గురువు కార్ల్ లిండె. ఈరోజు మన ఇంట్లో ఫ్రిజ్ ఉందంటే దాని వెనక ఉన్న పెద్దమనుషుల్లో లిండె ఒకడు. ఆయన క్లాసుల్లోనే డీజిల్‌కు ఒక లెక్క తలకెక్కింది. ఆ కాలపు ఆవిరి యంత్రంలో బొగ్గు కాలిస్తే వచ్చే వేడిలో పదో వంతు కూడా పనిగా మారదు. మిగతాదంతా పొగగొట్టం దారి పడుతుంది. నూరు రూపాయలు పెట్టి సంతకెళ్లి పది రూపాయల సరుకు కూడా తేలేకపోయినట్టు. ఆ తొంభై ఎక్కడికి పోతున్నాయి, వాటిలో ఎన్ని వెనక్కి తేవచ్చు అన్నదే ఆయన జీవితమంతా పట్టుకున్న ప్రశ్న.

1879లో చివరి పరీక్ష సమయానికి టైఫాయిడ్ వచ్చి రాయలేకపోయాడు. మళ్లీ పరీక్ష పెట్టేదాకా ఖాళీగా కూర్చోకుండా స్విట్జర్లాండ్‌లో సుల్జర్ వాళ్ల ఫ్యాక్టరీలో పని నేర్చుకున్నాడు. 1880 జనవరిలో పరీక్ష రాసి అత్యున్నత మార్కులతో బయటికొచ్చాడు. తర్వాత పదేళ్లు లిండె కంపెనీలో ఐసు యంత్రాల పని, మొదట పారిస్‌లో, 1890 నుంచి బెర్లిన్‌లో. 1883లో మార్తా ఫ్లాషెతో పెళ్లయింది, ముగ్గురు పిల్లలు. ఉద్యోగంలో ఉండగా తీసుకున్న పేటెంట్లను తన సొంతానికి వాడుకునే వీలు లేకపోవడంతో, ఐసు కాకుండా వేరే దారి వెతుక్కున్నాడు. అమ్మోనియా ఆవిరితో ఇంజన్ నడపబోయాడు. అది పేలి ప్రాణం మీదికొచ్చింది. నెలల తరబడి ఆస్పత్రిలో ఉన్నాడు.

అక్కడి నుంచి అసలు కథ.

మీరు సైకిల్‌కు గాలి కొట్టి ఉంటారు కదా. పది పన్నెండు సార్లు గట్టిగా కొట్టాక పంపు కింది భాగం పట్టుకుంటే వెచ్చగా తగులుతుంది. గాలిని నొక్కితే వేడెక్కుతుంది, అంతే. ఇంకా గట్టిగా, ఇంకా చిన్న చోటులోకి నొక్కితే? అగ్గిపుల్ల, స్పార్క్ ఏదీ లేకుండానే అందులోకి చిమ్మిన నూనె దానంతటదే అంటుకునేంత వేడి వస్తుంది. డీజిల్ ఆలోచన ఇదే. 1892లో పేటెంట్‌కు దరఖాస్తు చేసి, 1893లో దాని సిద్ధాంతం మీద ఒక పుస్తకం వేశాడు. ఆగ్స్‌బర్గ్‌లోని యంత్రాల ఫ్యాక్టరీ అధిపతి హైన్‌రిష్ ఫాన్ బుజ్ ప్రయోగాలకు చోటిచ్చాడు. ఇప్పుడు లారీల మీద కనిపించే మ్యాన్ కంపెనీ ఆ ఫ్యాక్టరీ వారసత్వమే.

నా చార్ట్‌లోని తేదీ ఇక్కడ వస్తుంది. 1893 ఆగస్టు 10న మొదటి ప్రయోగం జరిగిన మాట నిజమే. కానీ ఆ రోజు వేసింది బుడ్డల నూనె కాదు, పెట్రోల్. ఇంజన్ తనంతట తాను తిరగలేదు కూడా. ఫ్యాక్టరీ బెల్టుతో దాన్ని తిప్పారు. లోపల మంట అంటుకోగానే ఒత్తిడి కొలిచే పరికరం పేలి ముక్కలు ఎగిరిపడ్డాయి, దగ్గరున్న డీజిల్ కొద్దిలో తప్పించుకున్నాడు. ప్రపంచమంతా పండగలా జరుపుకునే రోజున నిజానికి జరిగింది ఒక పేలుడు. దాన్ని ఆయన ఓటమిగా తీసుకోలేదు. స్పార్క్ లేకుండా నూనె అంటుకుంది, తన లెక్క తప్పు కాదని తేలింది, అది చాలనుకున్నాడు.

మరో ఆరు నెలలకు, 1894 ఫిబ్రవరి 17న, మార్చి కట్టిన ఇంజన్ తొలిసారి సొంత బలంతో తిరిగింది. ఎంతసేపు అంటే ఒక్క నిమిషం, 88 చుట్లు. సరిగ్గా మూడేళ్లకు, 1897 ఫిబ్రవరి 17న, మ్యూనిక్ ప్రొఫెసర్ మోరిట్జ్ ష్రోటర్ వచ్చి అధికారికంగా పరీక్షించాడు. సుమారు 18 గుర్రాల బలం, నిమిషానికి 154 చుట్లు, ఇంధనంలోని వేడిలో 26.2 శాతం పనిగా మారింది. నూటికి పది కూడా రాని చోట ఇరవై ఆరు. అప్పుడు వాడిన ఇంధనం కిరోసిన్.

మా పదో తరగతికి నేను ఇక్కడ ఒకటి ప్రత్యేకంగా చెబుతాను. 1892 పేటెంట్‌లో డీజిల్ రాసిన ఇంజన్, 1897లో తిరిగిన ఇంజన్ ఒకటి కావు. మొదటి లెక్క ప్రకారం కడితే ఇంజన్ తనను తాను తిప్పుకోవడానికే బలమంతా సరిపోయేది. అది ఆయనకు తర్వాత అర్థమైంది. లోపల ఇంధనం మండే పద్ధతి మార్చాడు, 1895లో ఇంకో పేటెంట్ తీసుకున్నాడు. మొదట్లో బొగ్గు పొడితో కూడా నడపాలనుకున్నాడు, అదీ కుదరలేదు. పుస్తకం అచ్చయ్యాక అందులోని లెక్కే తప్పని ఒప్పుకుని దిద్దుకోవడం ఎంత కష్టమో, ఒక్క చార్ట్ తీసేసిన నాకు కొంచెం తెలుసు.

సరే, మరి బుడ్డల నూనె కథ ఎక్కడిది? పూర్తిగా కట్టుకథ కాదు, ఏడేళ్లు పక్కకు జరిగిన కథ. 1900లో పారిస్‌లో పెద్ద ప్రపంచ ప్రదర్శన జరిగింది. డీజిల్ ఇంజన్‌కు అక్కడ అత్యున్నత బహుమతి వచ్చింది. ఆ ప్రదర్శనలోనే ఒటో అనే కంపెనీ ఒక చిన్న డీజిల్ ఇంజన్‌ను వేరుశనగ నూనెతో నడిపి చూపింది. ఆలోచన కూడా డీజిల్‌ది కాదు, ఫ్రెంచి ప్రభుత్వానిది. ఆఫ్రికాలోని తమ వలసల్లో వేరుశనగ బాగా పండుతుంది, అక్కడికి బొగ్గూ నూనే ఓడల్లో మోసుకెళ్లే బదులు అక్కడి గింజలతోనే ఇంజన్లు నడపవచ్చా అని చూశారు. ఇంజన్ ఎంత సాఫీగా నడిచిందంటే, అందులో ఏం పోశారో చూసినవాళ్లలో ఎక్కువమంది గమనించలేదు. ఈ సంగతి తర్వాత డీజిలే స్వయంగా చెప్పాడు. ఆయన కూడా చివరి ఏళ్లలో మొక్కల నూనెల మీద ప్రయోగాలు చేశాడు. 1912లో ఇంగ్లండ్‌లో ఇంజనీర్ల సభలో మాట్లాడుతూ, ఈ నూనెల వాడకం ఇవాళ చిన్న విషయంగా కనిపించినా ముందు ముందు రాతినూనె అంత ముఖ్యం కావచ్చని అభిప్రాయపడ్డాడు.

అంటే మెకానిక్ గారి అనుమానం సరైనదే. తేదీ తప్పు, మనిషి తప్పు. కానీ బుడ్డల నూనెతో ఇంజన్ నడవడం మాత్రం నిజం. నాజిల్ సంగతికి మళ్లీ వస్తాను.

1897 తర్వాత డీజిల్ కోటీశ్వరుడయ్యాడు. అమెరికా హక్కులు ఒక్కటే 10 లక్షల మార్కులకు అమ్ముడుపోయాయి. మరుసటి ఏడాది తన హక్కులన్నీ ఒక కంపెనీకి 35 లక్షల మార్కులకు ఇచ్చాడు. మ్యూనిక్‌లో రాజభవనం లాంటి ఇల్లు కట్టాడు. పారిస్ వీధుల్లో తోపుడు బండి తోసిన పిల్లవాడు, ఆ ఇల్లు కట్టడం మీకు నాకు అర్థం కాని సంగతేం కాదు.

కానీ ఇంజన్ ఇంకా పూర్తిగా పండలేదు. కొన్న కంపెనీలు తయారుచేసినవి తరచూ ఆగిపోయాయి, తిరిగి పంపేశారు, డబ్బు వెనక్కి ఇమ్మన్నారు. ఆ ఆలోచన ముందు మాదేనని కోర్టుకెక్కినవాళ్లున్నారు. ఆరోగ్యం దెబ్బతింది. నరాల బలహీనతతో మ్యూనిక్‌లో ఒక చికిత్సాలయంలో చేరాల్సి వచ్చింది. తలనొప్పులు చివరిదాకా వదల్లేదు. ఇళ్ల స్థలాల మీద, నూనె బావుల మీద పెట్టిన డబ్బు మునిగిపోయింది. ఇంజన్ లెక్క అంత బాగా వేసినవాడు ఇంటి లెక్క వేయలేకపోయాడు. 1903లో కార్మికులంతా కలిసి ఫ్యాక్టరీలు సొంతం చేసుకోవడం గురించి ఒక పుస్తకం రాశాడు. పదివేల కాపీలు వేస్తే కొన్ని వందలు మాత్రమే పోయాయి. తన ఇంజన్ కంటే ఈ పుస్తకమే గొప్పదని ఆయన నమ్మాడట. ఎవరూ చదవలేదు.

విచిత్రమేమిటంటే ఆయన చేతిలో డబ్బు కరిగిపోతున్న ఆ పదేళ్లలోనే ఆయన ఇంజన్ నిలదొక్కుకుంది. 1903లో రష్యాలో ఓల్గా నది మీద వాండాల్ అనే పడవ డీజిల్ ఇంజన్‌తో నడిచింది. 1912లో సెలాండియా అనే పెద్ద ఓడ సముద్రమెక్కింది. 1913లో మాత్రం, ఈ ఇంజన్‌లో డీజిల్ గొప్పతనం పెద్దగా ఏమీ లేదని వాదిస్తూ ఒక జర్మన్ ప్రొఫెసర్ ఏకంగా పుస్తకమే వేశాడు.

1913 సెప్టెంబర్ 29 సాయంత్రం డీజిల్ బెల్జియంలోని ఆంట్వెర్ప్‌లో డ్రెస్డెన్ అనే ఓడ ఎక్కాడు. లండన్‌లో కంపెనీ మీటింగ్ ఉంది. తోటివాళ్లతో భోజనం చేశాడు. పది గంటలప్పుడు తన గదికి వెళ్తూ పొద్దున 6:15కు లేపమని చెప్పాడు. పొద్దున తలుపు తడితే గదిలో లేడు. పక్క మీద పడుకున్న ఆనవాలు లేదు, రాత్రి వేసుకునే చొక్కా మడత అలాగే ఉంది, గడియారం మంచం మీంచి కనిపించేలా పెట్టి ఉంది. ఓడ వెనక వైపు కమ్మీ దగ్గర కోటూ టోపీ నీటుగా పెట్టి ఉన్నాయి. డైరీలో ఆ తేదీ పక్కన ఒక చిన్న శిలువ గుర్తు.

పది రోజుల తర్వాత ఒక డచ్చి పడవవాళ్లకు సముద్రంలో శవం కనిపించింది. ఆ స్థితిలో పైకి తేలేక, జేబుల్లోని వస్తువులు మాత్రం తీసుకుని శవాన్ని నీటికే వదిలేశారు. కళ్లద్దాల పెట్టె, చిన్న చాకు, మందుల డబ్బీ లాంటివి. కొడుకు ఆయిగన్ వచ్చి అవి నాన్నవేనని గుర్తుపట్టాడు. ప్రయాణానికి ముందు డీజిల్ భార్యకు ఒక సంచి ఇచ్చి వారం తర్వాత విప్పమన్నాడు. విప్పితే 2 లక్షల మార్కుల నగదు, బ్యాంకు ఖాతాలన్నీ ఖాళీ అని చూపే కాగితాలు. ఆయనే సముద్రంలోకి దూకాడని ఎక్కువమంది చరిత్రకారుల అభిప్రాయం. చంపించారన్న పుకార్లు అప్పటి పత్రికల్లోనే మొదలయ్యాయి, ఇప్పటికీ యూట్యూబ్‌లో తిరుగుతున్నాయి. పిల్లలకు ఆ పుకార్లే ఎక్కువ నచ్చుతాయి. క్లాసులో నేను ఉన్నది ఉన్నట్టు చెప్పాను, అప్పులు, జబ్బు, నిద్రలేని రాత్రులు, ఇంట్లో ఎవరికీ చెప్పకపోవడం. వెనక బెంచీలో ఒక పాప, ముందే వాళ్లావిడకు చెప్పి ఉంటే ఆ ఇల్లు అమ్మేసేవాళ్లు కదా మిస్ అంది. అప్పటికి ఆయన వయసు 55.

ఇప్పుడు మెకానిక్ గారి నాజిల్ దగ్గరికి. బుడ్డల నూనె గానీ పామాయిల్ గానీ నేరుగా పోస్తే ఇంజన్ కొన్నాళ్లు నడుస్తుంది. కానీ ఈ నూనెలు డీజిల్ కంటే చాలా చిక్కన. సన్నటి తుంపరగా చిమ్మలేవు, సరిగా కాలవు. నాజిల్ చుట్టూ, పిస్టన్ మీద మసి గట్టిపడుతుంది. కాబట్టి మార్చాల్సింది నూనెనా, ఇంజన్‌నా? నూనెను మార్చే దారి చూపినవాడు బ్రస్సెల్స్ విశ్వవిద్యాలయంలోని షవాన్. 1937లో ఆయనకు పేటెంట్ వచ్చింది. మరుసటి ఏడాది బ్రస్సెల్స్ నుంచి లువేన్‌కు పామాయిల్‌తో చేసిన ఇంధనం మీద ఒక బస్సు నడిచింది. ఇవాళ మనం బయోడీజిల్ అంటున్నది దాదాపు అదే.

పద్ధతి పిల్లలకు ఇలా చెప్పాను. నూనె అణువు అంటే ఒక అమ్మ, ఆమె చెయ్యి పట్టుకున్న ముగ్గురు పిల్లలు. అమ్మ పేరు గ్లిజరిన్, పిల్లలు కొవ్వు ఆమ్లాలు. నలుగురూ కలిసి నడిస్తే దారంతా నిండిపోతుంది, అందుకే నూనె చిక్కన. ముగ్గురు పిన్నమ్మలు వచ్చి తలా ఒక పిల్లను చెయ్యి పట్టుకుని తీసుకెళ్తే దారి ఖాళీ అవుతుంది. ఆ పిన్నమ్మలే మిథనాల్. ఒక చెయ్యి విడిపించి ఇంకో చెయ్యి పట్టించే పెద్దమనిషి కాస్టిక్ సోడా. సుమారు 60 డిగ్రీల వేడిలో ఇదంతా జరుగుతుంది. 100 కిలోల నూనెకు 10 కిలోల పైచిలుకు మిథనాల్ ఖర్చయి, దాదాపు 100 కిలోల బయోడీజిల్, 10 కిలోల గ్లిజరిన్ వస్తాయి. గ్లిజరిన్ బరువు కాబట్టి అడుగుకు దిగుతుంది, పైన తేలిన బయోడీజిల్‌ను వేరుచేసి కడుగుతారు.

బజ్జీలు కాల్చిన నూనెతో అయితే ఇంకొక మెలిక ఉంది. పదే పదే కాగిన నూనెలో కొందరు పిల్లలు అప్పటికే అమ్మ చెయ్యి వదిలేసి ఉంటారు. కాస్టిక్ సోడా వేయగానే వాళ్లు సబ్బుగా మారి అంతా నురగ నురగైపోతుంది. పైగా అందులో మిరపకాయ తొడిమలు, పిండి ముక్కలు, నీళ్లు. ముందు వడకట్టాలి, నీరు పోగొట్టాలి, ఆమ్లంతో ఒకసారి సరిచేసుకోవాలి. అందుకే ఇది ఫ్యాక్టరీ పని.

ఇక్కడ ఒక హెచ్చరిక. పోయినేడు తొమ్మిదో తరగతి పిల్లలిద్దరు సైన్స్ ఫెయిర్ కోసం యూట్యూబ్ చూసి ఇంట్లోనే బయోడీజిల్ చేస్తామని, మిథనాల్ ఎక్కడ దొరుకుతుందని నన్నడిగారు. ఒకరి అన్న తెచ్చిస్తానన్నాడట. మిథనాల్ కొద్దిగా కడుపులోకి పోయినా చూపు పోతుంది, ప్రాణం పోవచ్చు. దాని మంట పగటి వెలుతురులో సరిగా కనిపించను కూడా కనిపించదు. కాస్టిక్ సోడా కంట్లో పడితే కన్ను దక్కదు. గ్యాస్ పొయ్యి పక్కన ఇది చేయడం అంటే ఏమిటో ఆలోచించండి. ఆ ఇద్దరి చేత ఫార్ములా బదులు డీజిల్ జీవితం మీద చార్ట్ చేయించాను, కొంచెం అలిగారు. మీ పిల్లలు ఈ ప్రాజెక్ట్ పేరెత్తితే ముందు నాకో, సైన్స్ టీచర్లలో ఎవరికైనానో ఒక మాట చెప్పండి.

మరి మన నూనె ఏమవుతోంది? నేను రోజూ ఆళ్లగడ్డ నుంచి నంద్యాలకు బస్సులో వస్తాను. పొద్దున శిరివెళ్ల దాటేలోపు ఎన్ని హోటళ్ల ముందు ఉగ్గాణి బజ్జీ బాణలి పొగలు కక్కుతుంటుందో లెక్కపెట్టడం మానేశాను. నాకూ ఉగ్గాణి బజ్జీ ఇష్టమే, దాచుకోను. కానీ సాయంత్రం అదే బాణలిలో నూనె రంగు చూస్తే టీ డికాషన్ గుర్తొస్తుంది. నూనె కాగేకొద్దీ అందులో చెడు పదార్థాలు పెరుగుతాయి. అవి 25 శాతం దాటితే ఆ నూనె వాడకూడదని మన దేశ ఆహార భద్రతా సంస్థ 2018 జూలై నుంచి నియమం పెట్టింది. అదే ఏడాది ఆగస్టు 10న, వాడిన నూనెను సేకరించి బయోడీజిల్ ఫ్యాక్టరీలకు పంపే పథకం మొదలుపెట్టి దానికి రూకో అని పేరు పెట్టింది. హిందీలో ఆగు అన్నట్టు వినిపిస్తుంది, పేరు పెట్టినవాళ్లు తెలిసే పెట్టి ఉంటారు. 2030 నాటికి డీజిల్‌లో 5 శాతం బయోడీజిల్ కలపాలని 2018 జాతీయ విధానం చెబుతోంది.

మన రాష్ట్రంలో కాకినాడలో 2008 నుంచి పెద్ద బయోడీజిల్ ఫ్యాక్టరీ ఉంది. ఏడాదికి లక్షన్నర టన్నుల సామర్థ్యంతో కట్టారు. ఆదిలాబాద్ వైపు పవర్‌గూడ అనే చిన్న గిరిజన గూడెంలో ఆడవాళ్లు కానుగ గింజల నూనె తీసి, కానుగ మొక్కలు పెంచి, 2003లో 147 టన్నుల కార్బన్ డయాక్సైడ్‌కు లెక్కగట్టి ప్రపంచ బ్యాంకు నుంచి 645 డాలర్లు అందుకున్నారు. డీజిల్ 1912లో చెప్పింది విన్నవాళ్లు ఆ సభలో ఎంతమందో గానీ, తొంభై ఏళ్లకు ఆ గూడెంలో మాత్రం పని జరిగింది. మన స్కూల్ రోడ్డు పక్కన నీడనిచ్చేవీ కానుగ చెట్లే, కాయలు రాలినప్పుడు పిల్లలకు చూపించండి.

ఇంట్లో సంక్రాంతి అరిసెలకో, మురుకులకో పోసిన నూనె మిగిలితే సింకులో మాత్రం పోయకండి, చల్లారాక పైపులో గడ్డకట్టి నీళ్లు నిలిచిపోతాయి. చల్లార్చి, వడకట్టి, సీసాలో పోసి ఒకటి రెండు రోజుల్లోనే కూరల తాలింపుకు వాడేయండి. మళ్లీ మళ్లీ బాణలికెక్కించకండి. నల్లబడినా, జిగురుగా అయినా, పొయ్యి మీద పెట్టగానే పొగొచ్చినా, నురగొచ్చినా ఇక అది తినే నూనె కాదు. హోటల్ గానీ, బజ్జీల బండి గానీ నడిపే తల్లిదండ్రులు మనలో ఉన్నారని నాకు తెలుసు. రోజుకు 50 లీటర్లకు మించి నూనె వాడే చోట, ఎంత వాడారో, మిగిలింది ఎవరికి ఇచ్చారో రాసిపెట్టాలని నియమం ఉంది. చవగ్గా వస్తుందని ఆ నల్ల నూనె కొనుక్కుపోయి మళ్లీ వంటకు అమ్మేవాళ్లకు మాత్రం ఇవ్వకండి. అది తిరిగి తిరిగి మన పిల్లల ప్లేట్లోకే వస్తుంది.

ఈ ఆగస్టుకు కొత్త చార్ట్ పదో తరగతి వాళ్లు రాస్తున్నారు. మూడు తేదీలు పెట్టారు, 1893లో పేలుడు, 1894లో 88 చుట్లు, 1900లో పారిస్‌లో బుడ్డల నూనె. వేరుశనగ కాయ బొమ్మ నాదే, పాత చార్ట్ నుంచి కత్తిరించి 1900 పక్కన అంటించారు. అంటించే ముందు మెకానిక్ గారికి వాట్సాప్‌లో ఫోటో పంపాను. నాజిల్ బొమ్మ తలకిందులుగా ఉందని జవాబొచ్చింది, సరిచేస్తున్నాం.